కుక్కలకు వచ్చు దురద, గజ్జి, చీముపొక్కులు – వాని కారణములు, చికిత్స

(అచ్చంపేట, క్రోసూరు, బెల్లంకొండ పరిసర గ్రామముల రైతుల యుపయోగార్థము)

1. ఈ పత్రముయొక్క యుద్దేశము

పశుసంపద యనగానే రైతునకు ఎడ్లు, ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకలు తలపునకు వచ్చును గాని కుక్క తలపునకు రాదు. దానికి పాలు లేవు; దాని పేడ యెరువునకు రాదు; సంతలో దానికి ధర లేదు. అయినను కృష్ణ యొడ్డున నున్న ఈ పల్నాటి గ్రామములలో మిరపకాయ కల్లమున ఆరుచున్న దినములలో రాత్రియంతయు మేలుకొని యుండునది కుక్కయే. చేలలో బడు అడవిపందుల జాడను ముందుగా తెలియజేయునదియు, గొఱ్ఱెల దొడ్డికి కావలి కాయునదియు నదియే. అట్టి కుక్క దురదచే రాత్రింబవళ్ళు గోకికొనుచు, బొచ్చు రాలి, ఒడలు పుండ్లుపడి, తిండి మాని చిక్కిపోయినచో కావలి పోవుటయే గాక, ఆ వ్యాధులలో కొన్ని యింటి పిల్లలకును అంటుకొనును. కావున ఈ విషయము రైతులు తెలిసికొనదగినది.

ఈ పత్రమునందు చెప్పబడు ముఖ్యాంశము రెండు మాటలలో నిది: దురద యొక్కటియే యైనను దాని మూలములు పెక్కు, మూలము నెఱుగక పై పుండునకు మందు పూయుట, వేరును విడిచి కలుపు ఆకును కోయుట వంటిది. రెండవది యింకను ముఖ్యము: పైరునకు కొట్టు పురుగుమందును కుక్క యొడలికి ఎట్టి పరిస్థితియందును పూయరాదు.

2. చర్మము, దాని కాపుదల

కుక్క చర్మము మనుష్యుని చర్మముకంటె పలుచనిది. దానిపై బొచ్చు దట్టముగా నుండుటచే చర్మము బలమైన దని మనకు తోచును గాని అది సరికాదు. ఆరోగ్యముగా నున్న చర్మముపై కొన్ని సూక్ష్మజీవులు ఎల్లప్పుడు నివసించుచునే యుండును. చర్మము చెక్కుచెదరక యున్నంతవఱకు అవి యేమియు చేయజాలవు. పురుగు కుట్టుటవలననో, తడివలననో, గోళ్ళతో గీరికొనుటవలననో పైపొర చిట్లినప్పుడు ఆ సూక్ష్మజీవులే లోనికి చొరబడి చీము పుట్టించును. చీముచే దురద పెరుగును. దురదచే మఱింత గీరికొనును. గీరికొనుటచే మఱింత చీము పట్టును. గట్టుకు పడిన చిన్న గండి నీటివడికి పెద్దదగునట్లు ఇది దినదినమును పెరుగును.

కావున చీముపొక్కు అనునది చాలవఱకు మొదటి వ్యాధి కాదు. వేఱొక వ్యాధి తెచ్చిన రెండవ వ్యాధి. చీమునకు మాత్రమే మందిచ్చి మొదటిదానిని విడిచినచో, మందు మానిన కొలదిదినములకే అది తిరిగి వచ్చును. "ఎన్ని మందులు వేసినను తగ్గలే"దని రైతులు చెప్పు కుక్కలలో పెక్కింటి సంగతి యిదియే.

3. దురదకు మూలములు

(అ) గజ్జి. కంటికి కానరాని యొక చిన్న పురుగు దీనికి కారణము. మనుష్యుల గజ్జికి ఒక చిన్న పురుగే కారణమని 1687వ సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు బోనోమో, చెస్తోని యను ఔషధకారుని తోడ్పాటుతో, సూక్ష్మదర్శిని సాయమున చూచి ప్రకటించెను. కుక్కల గజ్జికి కారణమగు పురుగు ఆ జాతిలోనిదే. ఆడు పురుగు చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి అందు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పెద్ద పురుగగుటకు సుమారు మూడు వారములు పట్టును. మొదట చెవుల అంచులు, మోచేతులు, వెనుకకాళ్ళ మడమకీళ్ళు, పొట్ట క్రిందిభాగము పొక్కి, బొచ్చు రాలి, బూడిదవన్నె పక్కులు కట్టును. దురద మిక్కిలి తీవ్రముగా నుండును. కుక్క తిండి మధ్యలో విడిచియైనను గోకికొనును. చెవి అంచును మన వ్రేళ్ళమధ్య మెల్లగా రుద్దినపుడు కుక్క తన వెనుకకాలిని గోకుచున్నట్లు ఆడించినయెడల గజ్జి యని గట్టిగా అనుమానింపవచ్చును. ఇది ఒక కుక్కనుండి మఱియొక కుక్కకు మిక్కిలి వేగముగా అంటును.

(ఆ) రోమకూపముల పురుగు. ఇదియు కంటికి కానరానిదే గాని దీని స్వభావము వేఱు. పుట్టిన మొదటి కొలదిదినములలో పాలు త్రాగునప్పుడు తల్లినుండి పిల్లకు వచ్చి, వెండ్రుక మొదళ్ళలో కొద్దిగా నుండి హాని చేయక బ్రతుకుచుండును. కుక్క బలహీనపడినప్పుడు, ముఖ్యముగా ఏడాదిలోపు పిల్లలలో, ఇవి లెక్కకు మించి పెరుగును. కండ్లచుట్టును, పెదవులయొద్దను, ముందుకాళ్ళయందును బొచ్చు రాలి బిళ్ళలు బిళ్ళలుగా బోడితనము కనబడును. మొదట దురద అంతగా నుండదు; చీము పట్టినపిదపనే దురద హెచ్చును. ఇది యితర కుక్కలకు గాని మనుష్యులకు గాని అంటునది కాదు. కొలది బిళ్ళలు మాత్రమే యున్న పిల్లలలో పెక్కింటికి మంచి తిండి పెట్టినచో తనంతట తానే తగ్గును. ఒడలంతయు వ్యాపించినచో నెలలతరబడి వైద్యము అవసరమగును.

(ఇ) పిడుదులు, మిన్నల్లులు, పేలు. పిడుదులను ఎఱుగని రైతు లేడు. కుక్కను పట్టు గోధుమవన్నె పిడుదు రక్తము త్రాగి ఉబ్బినపిదప రాలి, గోడపగుళ్ళలోను, కుక్క పడుకొను మూలలలోను వేలకొలది గ్రుడ్లు పెట్టును. వీనివలన చర్మమునకు పుండు పడుటయే గాక రక్తములో ప్రవేశించు జ్వరములును వచ్చును. కుక్క మందగించి, జ్వరము వచ్చి, చిగుళ్ళు తెల్లబడి, ముక్కువెంట రక్తము కారినచో అది చర్మవ్యాధి యని కూర్చుండక వెంటనే పశువైద్యునికి చూపవలెను.

మిన్నల్లి యనగా బొచ్చులో వేగముగా పరుగెత్తుచు, పట్టుకొనబోయినచో గంతువేయు చిన్న గోధుమవన్నె పురుగు. కొన్ని కుక్కలకు దీని లాలాజలము పడదు. ఒకటి రెండు కుట్టినను నడుముమీదను తోక మొదటను విపరీతమైన దురద పుట్టి బొచ్చు ఊడిపోవును. పురుగు కనబడనిచో, బొచ్చులోని నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై రాల్చి చూడవలెను. అవి ఎఱ్ఱగా కరగినచో మిన్నల్లి విసర్జించిన రక్తమని తెలిసికొనవలెను. ఇండ్లలోని మిన్నల్లులలో పెద్దపురుగులు కొద్దిపాలు. గ్రుడ్లును పిల్లపురుగులును నేలలోను పఱుపులోను నుండునవే పెద్దపాలు. ఇది మఱవరాదు.

(ఈ) తామర. ఇది పురుగు కాదు, బూజుజాతికి చెందినది. బొచ్చు విరిగి, గుండ్రని బిళ్ళలుగా, అంచున పొట్టుతో కనబడును. దురద కొద్దిగా నుండవచ్చును, లేకపోవచ్చును. మనుష్యులకు, అందును పిల్లలకు, అంటును.

(ఉ) చీము సూక్ష్మజీవులు, చర్మపు బూజు. వీనిని గూర్చి పైన చెప్పితిమి. చీముపొక్కు చిట్లినపిదప ఎఱ్ఱని వలయమును, దాని యంచున పొట్టును మిగులును. చర్మపు బూజు పెరిగినచో ఒడలు జిడ్డుగా నుండి, పులిసిన దుర్వాసన కొట్టి, చర్మము నల్లబడి మందమగును. చెవులు, చంకలు, తొడలనడుమ, వ్రేళ్ళసందులు దీనికి స్థానములు. వర్షకాలమున నీళ్ళలో తిరిగి బొచ్చు ఆరక యున్న కుక్కలకు ఒక్క పూటలోనే చేతివెడల్పు తడిపుండు పడుటయు కలదు.

(ఊ) పడనివస్తువులు. కొన్ని కుక్కలకు కొన్ని తిండ్లు, దుమ్ము, పుప్పొడి, గడ్డి పడవు. అట్టివి పాదములను ఎడతెగక నాకికొనుచు, ముఖమును నేలకు రుద్దుచుండును. మన గట్లపై విస్తారముగా పెరుగు వయ్యారిభామ యను కలుపుమొక్క మనుష్యులకును పశువులకును చర్మపు దురద కలిగించునని తెలిసిన సంగతియే. కుక్క అట్టి చోట్ల పొరలి వచ్చిన పిదప పొట్ట యెఱ్ఱబడినచో దీనిని అనుమానింపవలెను. కంచెలలోని దురదగొండి నూగును, పాదములలో గ్రుచ్చుకొను పల్లేరుముళ్ళును కూడ మఱవరానివి. ఒక్క పాదమునే నాకుచున్న కుక్క వ్రేళ్ళసందులు ముందుగా తెఱచి చూడవలెను.

(ఋ) తిండిలోపము. గంజి, సంగటి, చల్లన్నము మాత్రమే తిను కుక్కకు చర్మము నిలుపుకొనుటకు కావలసిన మాంసకృత్తులు చాలవు. అట్టి కుక్క బొచ్చు మెఱుపు తప్పి, చర్మము పొట్టుగట్టి, ప్రతి చిన్న పురుగునకును లొంగిపోవును.

4. మూలమును గుర్తించుటకు అడుగవలసిన ప్రశ్నలు

పశువైద్యునియొద్దకు పోవుటకు ముందే రైతు ఈ క్రింది సంగతులు గమనించి యుంచుకొన్నచో వైద్యునికి పని సులువగును.

ఒకటి: ముందుగా వచ్చినది దురదయా, పొక్కా? దురద ముందు వచ్చినచో పురుగునో పడనివస్తువునో, బొచ్చు ముందు రాలి దురద పిదప వచ్చినచో రోమకూపముల పురుగునో తామరనో అనుమానింపవలెను.

రెండు: ఒడలిలో ఏ భాగమున మొదలయ్యెను? చెవి అంచు, మోచేయి యైనచో గజ్జి. నడుము, తోక మొదలు ఐనచో మిన్నల్లి. కండ్లచుట్టు, ముందుకాళ్ళు ఐనచో రోమకూపముల పురుగు. పాదములు, చెవులు, పొట్ట ఐనచో పడనివస్తువు.

మూడు: ఇంటిలో మఱి యే కుక్కకైనను, మనుష్యునికైనను దురద కలదా? ఉన్నచో అంటువ్యాధి యని తలంపవలెను.

నాలుగు: కుక్క వయస్సెంత? ఏటేట ఒకే ఋతువున వచ్చుచున్నదా?

ఐదు: ఇంతవఱకు ఏ మందులు పూసితిరి? ఇది దాచక చెప్పవలెను. వైద్యుడు కోపపడునని దాచినచో కుక్కకే ముప్పు.

వైద్యుడు చర్మమును కొద్దిగా గీచి, ఆ పొట్టును నూనెచుక్కలో నుంచి సూక్ష్మదర్శినిలో చూచును. రోమకూపముల పురుగు ఈ పరీక్షలో సాధారణముగా దొరకును. గజ్జి పురుగు చాలమారులు దొరకదు. దొరకలే దన్నంతమాత్రమున గజ్జి లేదని నిశ్చయింపరాదు. లక్షణములు సరిపోయినచో వైద్యుడు గజ్జికి మందిచ్చి ఫలితమునుబట్టి నిర్ణయించును.

5. చేయరాని పనులు

ఈ ప్రకరణమును రైతులు రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము. దురదచే చచ్చు కుక్కలు తక్కువ. దురదకు వేయు అయోగ్యపు మందులచే చచ్చుట నివారింపదగినది.

(అ) పైరు పురుగుమందులు. పత్తి, మిరప సాగుచేయు మన ప్రాంతమున క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ మొదలగు మందులు ప్రతి రైతు ఇంటనుండును. "పచ్చపురుగును చంపు మందు పిడుదును చంపదా" యని సీసా అడుగున మిగిలినది నీళ్ళలో కలిపి కుక్కకు పూయుట కలదు. పిడుదు చచ్చుట నిజమే, కుక్కయు చచ్చును. ఈ మందులు చర్మముగుండ రక్తములోనికి పోవును. గీరికొని పచ్చిపుండ్లుగా నున్న చర్మముగుండ మఱింత వేగముగా పోవును. పైగా కుక్క తన యొడలిని నాకికొనును. కనుక మందు నోటిగుండ కూడ లోనికి చేరును. కొన్ని నిమిషములనుండి కొన్ని గంటలలో నోట చొంగ కారుట, వాంతి, విరేచనము, కండలు అదురుట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, ఊపిరి ఆడకుండుట కలుగును.

అట్లు జరిగినచో చేతులకు తొడుగులు తొడిగికొని, సబ్బుతోను సమృద్ధియైన నీటితోను కుక్కను కడిగి, నాకికొనకుండ చూచుచు, మందు సీసాను చీటితోసహా తీసికొని వెంటనే పశువైద్యశాలకు పోవలెను. ఈ జాతి విషములకు అట్రోపిను మొదలగు విరుగుడులు కలవు గాని సమయము దాటినపిదప పనికిరావు. సీసాపై పేరు తెలియనిచో వైద్యుడు ఏ విరుగుడు నీయవలెనో నిశ్చయించుట కష్టమగును.

కొన్ని మందులపేర్లు పైరు సీసాపైనను పశువుల మందు సీసాపైనను ఒక్కటియే కావచ్చును, సైపర్‌మెత్రిను అట్టిది. పేరొక్కటి యైనంతమాత్రమున మందొక్కటి కాదు. బలము వేఱు, కలిపిన ద్రవము వేఱు. ఈ జాతి మందులు పిల్లికి ప్రాణాంతకములు. కుక్కకు పూసినను, దానిప్రక్క పడుకొను పిల్లికి హాని కలుగవచ్చును.

(ఆ) గమాక్సిను పొడి. మన పెద్దలు పశువుల పేలకు ఈ పొడి చల్లుట నెఱిగినవారే. ఈ పొడి భారతదేశమున 1997లో నిషేధింపబడెను. దానినుండి శుద్ధిచేసిన లిండేను వాడుకయు 2013లో నిలిపివేయబడెను. పాత అటకలమీద పొట్లములు మిగిలియున్నచో వాడవలదు.

(ఇ) కాలిన ఇంజను నూనె, కిరోసిను. ట్రాక్టరునుండి తీసిన నల్లనూనె గజ్జికి మందని యొక నమ్మకము కలదు. ఆ నూనెలో లోహపు నలుసులును విషపదార్థములును ఉండును. కుక్క దానిని నాకి కడుపునకును ఊపిరితిత్తులకును చెఱుపు తెచ్చుకొనును. ఎండకు ఒడలు కాలును. రెంటచింతల ఎండలు పేరుపొందిన ఈ సీమలో ఆ నూనె పూసిన కుక్క యెట్లు బాధపడునో ఊహింపవచ్చును. కిరోసిను చర్మమును మంటపెట్టి పొరలుగా ఊడదీయును. పొగాకు కషాయముకూడ విషమే.

(ఈ) మనుష్యుల పూతమందులు. అంగడిలో దురదకని యమ్ము గొట్టపుమందులలో పెక్కింట స్టీరాయిడు కలిసియుండును. అది దురదను రెండుదినములు అణచును. గజ్జి, రోమకూపపు పురుగు, తామర మాత్రము ఆ చాటున పెరుగును. పైపై గుణము చూచి మోసపోరాదు.

(ఉ) ఎడ్ల ఇంజెక్షను. ఐవర్‌మెక్టిను గజ్జికి మంచి మందే. జపాను దేశపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి దీనికి మూలమైన పదార్థము తీయబడినది. ఈ కృషికి జపాను శాస్త్రజ్ఞుడు ఓమురాకును, క్యాంబెలుకును 2015లో నోబెలు బహుమానము లభించెను. కాని పశువులకు వాడు సీసాలోని ఒక మిల్లీలీటరు ఏబది కిలోల పశువునకు సరిపడు మోతాదు. పదికిలోల కుక్కకు ఎద్దునకు చేసినట్లు "రెండు మిల్లీలీటర్లు" చేయించినచో కావలసినదానికి పది రెట్లు పడును. అంతియే కాక, కోలీ మొదలగు కొన్ని విదేశపు మందకాపరి జాతులకును వాని సంకరములకును ఈ మందు మెదడునకు ఎక్కి ప్రాణాపాయము తెచ్చును. కనుక తూకము చూచి, జాతి చూచి, పశువైద్యుడే చేయవలెను.

6. చేయవలసిన చికిత్స

మొదట చిక్కము. ఎంత మచ్చికైన కుక్కయైనను పుండును ముట్టినప్పుడు కఱచును. ఎడ్లకు కట్టునట్లు మూతికి మెత్తని గుడ్డతో చిక్కము కట్టి, ఊపిరి ఆడుచున్నదో లేదో చూచుకొని, పని ముగియగానే విప్పవలెను. ఎండవేళ ఎక్కువసేపు ఉంచరాదు.

పిదప బొచ్చు. పుండుచుట్టు నున్న బొచ్చును కత్తెరతో కత్తిరించినచో గాలి తగిలి పుండు ఆరును, మందు చర్మమునకు చేరును. పక్కులను గోళ్ళతో పీకరాదు. గోరువెచ్చని ఉప్పునీటిగుడ్డతో నానబెట్టి మెత్తబడినపిదప తుడిచివేయవలెను.

పిదప స్నానము. చీమునకును చర్మపు బూజునకును క్లోర్‌హెక్సిడిను కలిసిన కుక్కల సబ్బునీరు మంచిది. వారమునకు రెండుమారులు, ఒడలికి పట్టించి పదినిమిషములు ఉంచి, తరువాత కడుగవలెను. పట్టించిన వెంటనే కడిగినచో ఫలము లేదు. కడిగినపిదప గుడ్డతో తుడిచి ఎండతగులు గాలిలో ఆరబెట్టవలెను. వేపాకు కాచి చల్లార్చిన నీరు తేలికపాటి దురదకు ఉపశమనమే గాని, గజ్జిని తీసివేయునని నమ్మి కూర్చుండరాదు.

పిదప మూలమునకు మందు. గజ్జికి వైద్యుడు పదునాలుగు దినముల కొకమారు ఇంజెక్షను చేయుటయో, మెడపై చుక్కలమందు వేయుటయో, లేక ఫ్లురలేనరు, అఫోక్సోలేనరు వంటి బిళ్ళల నిచ్చుటయో చేయును. ఈ బిళ్ళలు గజ్జి, పిడుదు, మిన్నల్లి మూటికిని పనిచేయును. అఫోక్సోలేనరు నెలకొకమారు, ఫ్లురలేనరు సుమారు మూడునెలల కొకమారు ఇచ్చునవి. మూర్ఛలు వచ్చు కుక్కకు వీనిని ఇచ్చుటకు ముందు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. గంధకము సున్నముతో కాచిన ద్రావకము పాతకాలపుదైనను నేటికిని మంచి మందుగనే యెంచబడుచున్నది. లేతపిల్లలకు సైతము వైద్యుని సలహాపై వాడవచ్చును.

చీము లోతుగా పట్టినచో నోటిగుండ మందు అవసరము. అది వైద్యుడు చెప్పినన్ని దినములు పూర్తిగా ఇయ్యవలెను. పుండు పైకి మానెనని నాలుగుదినములకే మానినచో, చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునకు అలవాటుపడి, మఱల వచ్చినప్పుడు దానికి లొంగవు. ఒకే పురుగుమందును ఏటేట కొట్టగా పచ్చపురుగు మందునకు లొంగకపోయిన సంగతి పత్తిరైతులు స్వయముగా ఎఱిగినదే. ఇదియు నట్టిదే.

గజ్జి మందు విషయమునను ఇట్లే. ఒక ఇంజెక్షనుతో దురద తగ్గినను, చర్మములోని గ్రుడ్లు మిగిలియుండును. అవి పొదిగి పెద్దవై మఱల గ్రుడ్లుపెట్టుటకు ముందే రెండవ మోతాదు పడవలెను. అంటువ్యాధి కనుక ఇంటిలోని కుక్క లన్నిటికిని, దురద లేనివానికిసైతము, ఒకే దినమున వైద్యము చేయించవలెను. ఒక్కదానికి చేసి తక్కినవానిని విడిచినచో మడిలో సగమునకే మందు కొట్టినట్లగును.

ఇట్లనుకొందము: ఒక కల్లమువద్ద మూడు కుక్కలు కలవు. ఒకదానికి చెవులు పొక్కినవి. రైతు దానిని మాత్రమే వైద్యశాలకు కొనిపోయి ఇంజెక్షను చేయించెను. పదిదినములలో దురద తగ్గెను. తక్కిన రెండును అదే గోనెపై దానితో కలిసి పడుకొనుచున్నవి. నెలనాటికి మొదటిదానికి దురద తిరిగి వచ్చెను. రైతు "ఈ మందు పనికిరా"దని నిశ్చయించి, ఇంటనున్న పైరుమందు సీసా మూత విప్పెను. ఇందులో మందుయొక్క లోపము లేదు. మూడింటికి కలిపి చేయించవలసినది ఒక్కదానికి చేయించుటయే లోపము. ఆ సీసా మూత విప్పుటకు ముందు ఒకమారు వైద్యుని నడిగినచో మూడు కుక్కలును బ్రతుకును.

7. పడుకొను చోటు

గజ్జి పురుగు కుక్క యొడలిని విడిచినను కొన్నిదినములు బ్రతుకును. చల్లని తడిచోట మఱికొన్నిదినములు నిలుచును. కావున కుక్క పఱుపుగోనెను కాల్చివేయుటయో, మరుగునీటిలో నుడికించి తీవ్రమైన ఎండలో ఆరవేయుటయో చేయవలెను. పడుకొను మూలను ఊడ్చి, ఆ చెత్తను కాల్చి, గోడపగుళ్ళను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నము వేయవలెను. పిడుదు గ్రుడ్లు పెట్టునది పగుళ్ళలోనే. ఒడలిపై పిడుదును తీయునప్పుడు మొదటనే చర్మమునకు దగ్గఱగా పట్టి నిటారుగా లాగవలెను. వ్రేళ్ళమధ్య నలుపరాదు; నిప్పుతో కాల్చరాదు. తీసినవానిని సబ్బునీళ్ళ డబ్బాలో వేయవలెను.

8. మనుష్యులకు జాగ్రత్త

కుక్క గజ్జి మనుష్యులకు అంటినచో చేతులయందును నడుమునందును చిన్న పొక్కులును దురదయు కలుగును. ఆ పురుగు మనుష్యుని చర్మమున పెరుగజాలదు గనుక కుక్కకు నయమైన కొలదివారములకు అదియు తగ్గును. తగ్గనిచో వైద్యుని చూడవలెను. తామర మాత్రము మనుష్యునియందు నిలిచిపోవును. దానికి వేఱుగా చికిత్స చేయించుకొనవలెను. వ్యాధి కుక్కను ముట్టినపిదప సబ్బుతో చేతులు కడుగుటయు, నయమగువఱకు పిల్లలను దానితో పడుకొననీయకుండుటయు మంచిది.

ఒక్క హెచ్చరిక. ఎన్నడును లేని విధముగా కుక్క పాతగాటు ఒక్కదానినే పిచ్చిగా కొఱికికొనుచు, స్వభావము మాఱి, చొంగ కార్చుచు, మ్రింగజాలక, గొంతు మాఱి మొఱుగుచున్నచో అది చర్మవ్యాధి కాక వెఱ్ఱి కావచ్చును. అట్టిదానిని ముట్టక, ఒంటరిగా బంధించి పశువైద్యునికి తెలుపవలెను. ఏ కుక్క కఱచినను గాటును సబ్బుతో పారునీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆదినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, సున్నము, కారము పెట్టి కాలము గడుపరాదు. వెఱ్ఱి లక్షణములు మనుష్యునియందు కనబడినపిదప బ్రతికినవారు మిక్కిలి అరుదు. కుక్కకు ఏటేట టీకా వేయించుట అన్నిటికంటె చవుక.

9. తిండి

మందుతోపాటు తిండి. గంజి, సంగటితో కలిపి ఉడికించిన గ్రుడ్డు, చేప, మాంసపు ముక్కలు, పెరుగు వీలైనంత పెట్టవలెను. కారపుకూర, ఉల్లిపాయ పెట్టరాదు. ఉల్లి కుక్క రక్తమును చెఱచును. వైద్యుడు చెప్పిన కాలమునకు నులిపురుగుల మందును త్రాగించవలెను. నులిపురుగులు తిండిని దోచుచుండగా చర్మము బాగుపడదు. మిన్నల్లిని కొఱికి మ్రింగిన కుక్కకు బద్దెపురుగు పట్టును. కనుక మిన్నల్లిని తొలగించుటచే కడుపునకును మేలగును.

10. సహాయము దొరకు చోట్లు

ఊరి పశువైద్యశాల మొదటిది. కుక్కను కదల్ప వీలుకానిచో 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్య వాహనమును గూర్చి అడుగవచ్చును. నెలలతరబడి మానని కఠినవ్యాధులకు కృష్ణ కావలియొడ్డున గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు. పోవునప్పుడు అంతవఱకు వాడిన మందుల చీటులన్నియు వెంట తీసికొనిపోవలెను.

11. సంగ్రహము

దురదను చూడగానే మందు వెదకక మూలమును వెదకవలెను. చెవి అంచు రుద్ది చూడవలెను. వ్రేళ్ళసందు తెఱచి చూడవలెను. తడిగుడ్డపై నలుసులు రాల్చి చూడవలెను. ఇంటనున్న కుక్కలన్నిటికి ఒకేమారు వైద్యము చేయించి, చెప్పినన్ని దినములు మందు వేసి, పఱుపు మార్చవలెను. పైరుమందు, నల్లనూనె, కిరోసిను, గమాక్సిను కుక్క దరికి రానీయరాదు.

కుక్క తన బాధను నోట చెప్పజాలదు. గీరికొనుటయే దాని ఫిర్యాదు. మన కల్లమును రాత్రియంతయు కనిపెట్టుకొని యుండునట్టి దాని ఫిర్యాదును ఒకపూట విచారించుట రైతునకు భారము కాదు. ఈ పత్రమును చదువనేర్చినవారు చదువరానివారికి, గొఱ్ఱెలకాపరులకును పాలేర్లకును, చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.